భయము జ్ఞాపకమును పెంచునా?

పూర్వము ఐరోపాలో వ్రాతపత్రములు విరివిగా వాడుకలోనికి రాని రోజులలో, ఒక ఊరికి భూమిని ధారపోసినప్పుడుగాని, గొప్ప కుటుంబముల మధ్య వివాహము జరిగినప్పుడుగాని, ఆ సంగతికి చిరకాలము నిలిచెడి సాక్షి ఒకడు కావలసివచ్చెడివాడు. అందుకై ఏడేండ్ల పిల్లవానిని ఒకనిని ఎన్నుకొని, జరుగుచున్న తంతునంతయు శ్రద్ధగా చూడుమని చెప్పి, ఆ తరువాత వానిని నదిలోనికి విసిరెడివారట. ఆ భయముతో ఆనాటి సంఘటన వాని మనస్సులో అచ్చుపడి, వాడు బ్రతికినంతకాలము చెరగక యుండునని వారి నమ్మకము.

అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ మెక్‌గా 2003 లో ప్రకటించిన 'మెమరీ అండ్ ఎమోషన్' అను గ్రంథము ఈ కథతో ప్రారంభమగును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖలో దశాబ్దములపాటు జ్ఞాపకశక్తిని గురించి పరిశోధించిన మెక్‌గా, ఉద్రేకము కలిగించిన సంఘటనలు మనస్సులో ఎందుకు గాఢముగా నాటుకొనునో ఆ గ్రంథమున సామాన్య పాఠకులకు వివరించెను. నదిలో పడిన పిల్లవాని కథ ఆ వివరణకు చక్కని ప్రవేశద్వారము.

కాని ఆ కథ చదివిన తెలుగు ఉపాధ్యాయునికి మన పాత వీధిబడులు గుర్తుకు రాక మానవు. కోదండము వేయుట, తొడపాశము పెట్టుట, గోడకుర్చీ వేయించుట, బెత్తముతో అరచేతులు వాచునట్లు కొట్టుట - వీటన్నిటి వెనుక నున్నదియు అదే నమ్మకము. దెబ్బ తిని నేర్చిన ఎక్కము జన్మలో మరువడని పెద్దలు చెప్పుట నేటికిని వినవచ్చును. ఆధునిక శాస్త్రము ఈ నమ్మకమును బలపరచుచున్నదా? మెక్‌గా సిద్ధాంతమును పైపైన చదివినవానికి బలపరచుచున్నట్లే తోచును. ఆ తోచుట ఎంతవరకు న్యాయమో పరిశీలింపవలసియున్నది.

రెండు హార్మోనులు

మూత్రపిండముల పైభాగమున చిన్న టోపీలవలె రెండు గ్రంథులు కలవు. వీటికి అధివృక్క గ్రంథులని పేరు. భయము కలిగినప్పుడు ఈ గ్రంథుల లోపలి భాగము అడ్రినలిన్ అను హార్మోనును క్షణములలో రక్తములోనికి విడుచును. గుండె దడదడ కొట్టుకొనుట దీని పనియే. కొన్ని నిమిషములు గడచిన పిమ్మట గ్రంథి వెలుపలి పొర కార్టిసాల్ అను మరియొక హార్మోనును విడుచును. ఎలుకలలో దీని స్థానమున ప్రధానముగా కార్టికోస్టెరోన్ పనిచేయును. మొదటిది వేగముగా వచ్చి వేగముగా పోవును. రెండవది మెల్లగా వచ్చి చాలసేపు నిలుచును.

అడ్రినలిన్ రక్తమునుండి మెదడులోనికి సులభముగా ప్రవేశింపజాలదు. అట్లయిన అది జ్ఞాపకమును ఎట్లు మార్చును? ఇందుకు దారి వేగస్ నాడి. శరీరమందలి అలజడిని ఈ నాడి మెదడు అడుగుభాగమునకు తెలియజేయగా, అచ్చటి కణములు మేల్కొని, మెదడులో బాదంగింజ ఆకారముననున్న అమిగ్డలా అను భాగములో నార్అడ్రినలిన్ విడుదలయగునట్లు చేయును. కార్టిసాల్ మాత్రము స్వయముగా మెదడులోనికి ప్రవేశించి తన పని చేయును. అమిగ్డలాలో ఈ రెండు ప్రభావములును కలిసికొనును. అచ్చటినుండి అది, హిప్పోకాంపస్ మొదలయిన ఇతర భాగములలో జరుగుచున్న స్మృతి స్థిరీకరణమును హెచ్చించునని మెక్‌గా సిద్ధాంతము.

సిద్ధాంతపు బలము

ఈ సిద్ధాంతమునకు గల గొప్ప బలము దాని ప్రయోగపద్ధతి. నేర్చిన విషయము తక్షణమే స్థిరపడదనియు, అందుకు కొంత కాలము పట్టుననియు జర్మనీ దేశస్థులు మ్యూలర్, పిల్‌జెకర్ 1900 లోనే సూచించిరి. 1917 లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాష్లీ, స్ట్రిక్నిన్ అను మందును స్వల్పముగా ఎక్కించిన ఎలుకలు చిక్కుదారిని త్వరగా నేర్చుకొనుట గమనించెను. కాని ఇచ్చట ఒక సందేహము కలదు. మందు ముందే ఇచ్చినందున ఎలుక చురుకుదనము పెరిగియుండవచ్చును; కన్ను, కాలు చక్కగా పనిచేసియుండవచ్చును. జ్ఞాపకమే పెరిగినదని ఎట్లు చెప్పగలము?

మెక్‌గా 1950 ల చివరనుండి చేసిన ప్రయోగములలో ఈ సందేహమును తెలివిగా తొలగించెను. మందును పాఠమునకు ముందు కాక, పాఠము ముగిసిన పిమ్మట ఇచ్చెను. పాఠము అయిపోయిన తరువాత ఇచ్చిన మందు ఆ పాఠము వినుటలోని చురుకుదనమును మార్చజాలదు గదా! అయినను మరునాడు ఎలుకకు జ్ఞాపకము మెరుగుగా నుండెను. మందు ఇచ్చుటలో ఆలస్యము పెరిగినకొలది ఫలితము తగ్గెను. కాబట్టి మందు పనిచేసినది స్థిరీకరణము పైననే యని తేలినది. ఉన్నత పాఠశాల విద్యార్థులకు శాస్త్రీయ తర్కమును బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

1975 లో గోల్డ్, వాన్ బస్కిర్క్ అను ఇరువురు ఇదే పద్ధతిలో అడ్రినలిన్‌ను పరీక్షించిరి. ఎలుకను వెలుతురుగల అరలో ఉంచిరి. అది చీకటి అరలోనికి అడుగు పెట్టగానే కాళ్ళకు స్వల్పమైన విద్యుద్ఘాతము తగిలెను. వెంటనే అడ్రినలిన్ ఎక్కించిన ఎలుకలు, పరీక్షలో చీకటి అరలోనికి పోవుటకు ఎక్కువసేపు వెనుకాడెను. ఆలస్యముగా ఇచ్చినచో ఆ ఫలము కానరాలేదు.

మనుష్యులలోను ఇందుకు తార్కాణము దొరికినది. 1994 లో కేహిల్, మెక్‌గా మొదలగువారు కొందరికి ఒక కథను చిత్రములతో చూపిరి. తల్లితో కలిసి, తండ్రి పనిచేయు ఆసుపత్రికి పోవుచున్న బాలుడు దారిలో కారు క్రింద పడి తీవ్రముగా గాయపడును. మరికొందరికి అవే చిత్రములతో, ఎట్టి ప్రమాదమును లేని చప్పని కథను చెప్పిరి. ఒక వారము తరువాత ప్రశ్నింపగా, ప్రమాదపు కథ విన్నవారికి ఆ ఘట్టము బాగుగా గుర్తున్నది. కాని కథకు ఒక గంట ముందు 40 మిల్లీగ్రాముల ప్రొప్రనొలాల్ అను మందు మ్రింగినవారికి ఈ లాభము కలుగలేదు. ఆ మందు అడ్రినలిన్, నార్అడ్రినలిన్‌ల పనిని అడ్డగించును. చప్పని కథ విషయములో మందు మ్రింగినవారికిని మ్రింగనివారికిని భేదము లేకపోయెను.

ఇంతవరకు సిద్ధాంతము నిలిచినది. ప్రశ్న దాని సత్యమును గురించి కాదు; దానినుండి ఏమి తీయవచ్చును, ఏమి తీయరాదు అను దానిని గురించి.

ఎలుక అడుగు, మనిషి భయము

పై ప్రయోగములో కొలిచినది ఎలుక వెనుకాడిన కాలము మాత్రమే. దానికి 'భయస్మృతి' అని పేరు పెట్టుట వాడుక అయినది. భయమును గురించి దీర్ఘకాలము పరిశోధించిన జోసెఫ్ లెడూ తానే 2014 లో ఈ పేరును ఆక్షేపించెను. అపాయమును గుర్తించి శరీరము స్పందించుట వేరు, భయమను అనుభూతి వేరు. ఎలుక కదలక నిలిచినంతమాత్రమున దాని మనస్సులో ఏమున్నదో చెప్పజాలమని అతని వాదము.

ఈ భేదము మాటలలోనిది మాత్రము కాదు. 1995 లో బెకారా, అతని సహచరులు ముగ్గురు రోగులను పరీక్షించిరి. వారికి రంగులు చూపుచు, ఒక రంగు వచ్చినప్పుడు చెవులు గింగురుమనునట్లు హారను మ్రోగించిరి. అమిగ్డలా చెడిన రోగి ఏ రంగుతో హారను మ్రోగెనో చక్కగా చెప్పెను. కాని ఆ రంగు చూచినప్పుడు ఆమె చర్మమున చెమట పట్టలేదు. హిప్పోకాంపస్ చెడిన రోగికి చెమట పట్టెను. కాని ఎందుకో చెప్పలేకపోయెను. రెండును చెడిన మూడవ రోగికి చెమటయు లేదు, తెలివియు లేదు. అనగా శరీరము జ్ఞాపకముంచుకొనునది ఒకటి, మనిషి తెలిసి జ్ఞాపకముంచుకొనునది మరియొకటి. పాఠశాలలో కావలసినది ఈ రెండవదియే. ఉపాధ్యాయుని చెప్పుల చప్పుడు వినగానే వణకు విద్యార్థికి మొదటి రకపు జ్ఞాపకము బాగుగనే ఏర్పడినది. దానివలన వానికి క్షేత్రగణితము వచ్చెనని చెప్పుటకు వీలులేదు.

మోతాదు

పైన చెప్పిన 1975 నాటి ప్రయోగములోనే మరియొక పాఠము కలదు. అడ్రినలిన్ మోతాదు మితముగా నున్నప్పుడు జ్ఞాపకము పెరిగెను. మితిమీరినప్పుడు ఆ లాభము పోయెను. 1999 లో అమెరికాలో, మూర్ఛరోగ చికిత్సకై వేగస్ నాడికి విద్యుత్ పరికరము అమర్చబడిన రోగులపై చేసిన పరిశోధనలోను ఇట్లే జరిగినది. చదివిన మాటలను గుర్తుపట్టుట మధ్యస్థమైన విద్యుత్తుతో మెరుగుపడెను గాని, హెచ్చు విద్యుత్తుతో మెరుగుపడలేదు.

1908 లోనే యెర్క్స్, డాడ్సన్ అనువారు చుంచులపై చేసిన ప్రయోగము ఇంకను స్పష్టమయినది. పాఠము సులభమయినప్పుడు విద్యుద్ఘాతము బలమయినకొలది చుంచులు త్వరగా నేర్చినవి. పాఠము కష్టమయినప్పుడు మాత్రము అంత బలమైన ఘాతము చెరుపే చేసెను, మితమైనదే మేలనిపించెను. అనగా, ఏ పాఠమునకు ఉపాధ్యాయుడు ఎక్కువ శ్రమపడవలసివచ్చి బెత్తమును వెదకునో, ఆ పాఠముననే భయము ఎక్కువ కీడు చేయును.

ఏది నిలిచినది?

నదిలో పడిన పిల్లవానికి ఏది గుర్తుండును? భూదానపు షరతులా? నీటి చల్లదనమా? కథ చెప్పినవారు ఈ ప్రశ్న అడుగలేదు. శాస్త్రము మాత్రము అడిగినది.

1987 లో ఎలిజబెత్ లోఫ్టస్, ఆమె సహచరులు కొందరికి ఒక దృశ్యమును చూపిరి. కొందరు చూచిన చిత్రములలో గిరాకీ చేతిలో తుపాకి, మరికొందరు చూచిన వాటిలో అదే గిరాకీ చేతిలో బ్యాంకు చెక్కు. తుపాకి చూచినవారి కన్నులు దానిపైననే ఎక్కువసేపు నిలిచెను. ఆ మనిషి ముఖము వారికి అంతగా గుర్తులేదు. అపాయకరమయినది దృష్టిని తనవైపు లాగుకొనును. ప్రక్కనున్నది మసకబారును. తరగతి గదిలో బెత్తము ఆ తుపాకి వంటిది. పాఠము ఆ ముఖము వంటిది.

ఇంతటితో ఆగలేదు. 2012 లో ఫ్రాన్సు దేశమున బోర్డో నగరపు శాస్త్రజ్ఞులు చుంచులను ఒక పెట్టెలో ఉంచి విద్యుద్ఘాతము నిచ్చిరి. అప్పుడప్పుడు ఒక ధ్వనిని గూడ వినిపించిరి గాని, ఆ ధ్వనికిని ఘాతమునకును సంబంధము లేదు. మామూలు చుంచులు పెట్టెకు భయపడినవి, ధ్వనికి భయపడలేదు. అది సరియైన జ్ఞాపకము. బలమైన ఘాతము తగిలిన పిమ్మట హిప్పోకాంపస్‌లో కార్టికోస్టెరోన్ ఎక్కించిన చుంచులు మాత్రము తారుమారయినవి. నిజముగా అపాయమున్న పెట్టెకు భయపడుట మాని, నిరపాయకరమైన ధ్వనికి భయపడసాగినవి. త్రాటిని చూచి పామని భ్రమించుట మన పెద్దలు చెప్పెడి మాట. మితిమీరిన ఒత్తిడి అంతకంటె చిత్రము చేసినది: త్రాటిని చూచి భయపడనిచ్చి, పామును చూచి భయపడనియ్యలేదు. లెక్క తప్పినందుకు దెబ్బ తిన్న బాలుడు లెక్కలనే ద్వేషించుటలో వింత యేమున్నది?

గాఢత వేరు, సత్యము వేరు

గాఢముగా నాటుకొన్న జ్ఞాపకము సరియైన జ్ఞాపకమే యగునా? 1986 జనవరి 28 న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఆకాశముననే పగిలిపోయెను. మరునాడే నైసర్, హార్ష్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఆ వార్తను ఎక్కడ, ఎట్లు వింటిరో విద్యార్థులచేత వ్రాయించిరి. సుమారు రెండున్నర యేండ్ల తరువాత వారిలో 44 మందిని మరల అడిగిరి. నాలుగవ వంతు మంది చెప్పినది తాము మొదట వ్రాసినదానితో ఏ ముఖ్య విషయమునను కలియలేదు. అయినను వారిలో పలువురు తమ జ్ఞాపకము తిరుగులేనిదని నమ్మియుండిరి. ఈ పరిశోధన 1992 లో వెలువడినది.

మెక్‌గా గ్రంథము వచ్చిన 2003 లోనే తలారికో, రూబిన్ మరియొక పరిశోధనను ప్రకటించిరి. 2001 సెప్టెంబరు 11 న న్యూయార్కు జంట భవనముల విధ్వంసము జరిగిన మరునాడు 54 మంది విద్యార్థులను ప్రశ్నించి, ఆ జ్ఞాపకమును ఒక మామూలు సంఘటన జ్ఞాపకముతో పోల్చి చూచిరి. కాలము గడచినకొలది రెండు జ్ఞాపకములును ఒకే రీతిగా సడలినవి. భేదమంతయు విశ్వాసములోనే. విధ్వంసపు జ్ఞాపకమును వారు స్పష్టమయినదిగను, నిశ్చయమయినదిగను భావించిరి.

ఉద్రేకము సంఘటన సారమును నిలుపుననుట నిజమే. ప్రమాదము జరిగినదని ఎవరును మరువలేదు. కాని చుట్టునున్న వివరములకు అది హామీ కాదు. సాక్ష్యమునకై నదిలో విసరబడిన పిల్లవాడు పెద్దవాడై, షరతులను తప్పుగా చెప్పుచు, అవియే నిజమని ప్రమాణము చేసియుండవచ్చును!

ఏ సమయమున?

ఒత్తిడి ఎప్పుడు కలిగినదను దానిపై ఫలితము మిక్కిలి ఆధారపడును. 2003 లో కేహిల్, అతని సహచరులు కొందరికి చిత్రములు చూపిన తరువాత వారి చేతిని మంచువంటి చల్లని నీటిలో ఉంచిరి. దానితో ఉద్రేకము కలిగించు చిత్రముల జ్ఞాపకము మెరుగుపడినది. చప్పని చిత్రముల జ్ఞాపకము మెరుగుపడలేదు. 2010 లో ష్వాబే, వోల్ఫ్ అనువారు మాటలు నేర్చుచున్న సమయముననే చేతిని చల్లని నీటిలో ఉంచిరి. మరునాడు చూడగా జ్ఞాపకము తగ్గియుండెను. చన్నీరు ఒక్కటే, చేయి ఒక్కటే; సమయము మారగా ఫలితము తలక్రిందులైనది.

జ్ఞాపకమును బయటికి తీయు సమయమున సంగతి ఇంకను కఠినము. 1998 లో డి క్వర్వెన్, అతని సహచరులు ఎలుకలకు నీటిలో దాగిన తిన్నెను వెదకుట నేర్పిరి. మరునాడు పరీక్షకు 30 నిమిషముల ముందు విద్యుద్ఘాతము తగిలిన ఎలుకలు తిన్నె యున్న చోటు మరచినట్లు ప్రవర్తించెను. రెండు నిమిషముల ముందుగాని, నాలుగు గంటల ముందుగాని తగిలినచో అట్టి ఆటంకము లేదు. హార్మోను రక్తములో పెరిగియున్న వేళకే ఆటంకమును కలిగినది. 2000 లో మనుష్యులకు 25 మిల్లీగ్రాముల కార్టిసోన్ ఇచ్చి చూడగా, నేర్చుటకు ముందు ఇచ్చినను, నేర్చిన వెంటనే ఇచ్చినను చెరుపు కలుగలేదు; అప్పగించుటకు ఒక గంట ముందు ఇచ్చినప్పుడు మాత్రము నేర్చిన మాటలు తక్కువగా గుర్తుకు వచ్చినవి.

పరీక్ష హాలులో ఎంత తన్నుకొన్నను రాని సూత్రము, వెలుపలికి వచ్చి చెట్టుక్రింద నిలుచున్నంతనే నాలుకపై ఆడుట ప్రతి విద్యార్థియు ఎరిగినదే. వాడు చదువలేదని నిందించుట తేలిక. చదివినది లోపలనే యున్నది, తలుపు తెరుచుకొనలేదు. ఆ తలుపు మూసినవాటిలో భయము ఒకటి కావచ్చును.

తరగతి గదిలో

2009 నాటి బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము తన 17 వ సెక్షనులో విద్యార్థికి శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించినది. ఇది పిల్లవాని గౌరవమునకు సంబంధించిన న్యాయము. ఏ ప్రయోగమునకును లోబడినది కాదు. ఒకవేళ దెబ్బవలన చదువు వచ్చుననియే తేలినను, కొట్టుట ధర్మము కాజాలదు. కాని శాస్త్రము పేరు చెప్పి బెత్తమును వెనుకకు తేదలచినవారికి, శాస్త్రము ఆ సాయమును గూడ చేయుట లేదని తెలియవలెను. ష్వాబే, ఫోగెల్ 2016 లో ఈ పరిశోధనలనన్నిటిని తరగతి గది దృష్టితో సమీక్షించిరి. ఒత్తిడి పాఠముతో ఎట్లు, ఎప్పుడు ముడిపడినదను దానినిబట్టి మేలును కలుగవచ్చును, కీడును కలుగవచ్చుననియు, జ్ఞాపకమును తిరిగి తెచ్చుకొనుటకు మాత్రము అది సామాన్యముగా ఆటంకమేననియు వారి సమీక్షవలన విశదమగును.

మెక్‌గా సిద్ధాంతమునకు ఇందువలన కొరత లేదు. ప్రాణాపాయము కలిగిన చోటును మరువకుండుటకై ప్రకృతి ఏర్పరచిన యంత్రమును అది చక్కగా విప్పి చూపినది. పులి కనబడిన వాగును మరచిన జంతువు బ్రతుకదు. తప్పు ఎక్కడనగా, వాగును గుర్తుంచుకొనుటకు ఏర్పడిన యంత్రముతో వ్యాకరణమును నేర్పజూచుటలో. నదిలో విసరబడిన పిల్లవాని కథను ముందుంచుటలో గ్రంథకర్త ఉద్దేశ్యము పాఠకుని ఆకర్షించుటయే కావచ్చును. అయినను ఆ కథ, భయమే జ్ఞాపకమునకు తల్లి యను అపోహకు తావిచ్చును.

వాస్తవముగా అమిగ్డలాను మేల్కొలుపునది భయము ఒక్కటియే కాదు. 1999 లో హామన్, అతని సహచరులు మనుష్యుల మెదడులను పరిశీలించి, భయంకర చిత్రములను చూచినప్పుడేగాక మనోహరమైన చిత్రములను చూచినప్పుడు గూడ అమిగ్డలా చురుకుగా పనిచేసినకొలది, ఆ చిత్రములు తరువాత బాగుగా గుర్తుండుట గమనించిరి. కప్ప గుండె కొట్టుకొనుటను మొదటిసారి చూచిన విద్యార్థి కన్నులలోని మెరుపును, అయస్కాంతము చుట్టు ఇనుపరజను తనంతట తాను గీతలుగా ఏర్పడినప్పుడు తరగతిలో లేచిన 'ఆఁ' అను ధ్వనిని ఎరిగిన ఉపాధ్యాయునికి ఈ మాట క్రొత్త కాదు. పిల్లవానిని నదిలోనికి విసరనక్కరలేదు. చేయి పట్టుకొని ఒడ్డున నిలిపి, నీరు ఎటు పోవుచున్నదో చూపిన చాలును.